చక్రం కొనబోయే ముందు

మన నల్లగొండ, పాలమూరు మెట్టపల్లెలలో ఒకప్పుడు బండికి చక్రాల జత కావలసివస్తే రైతు ఎక్కడికో వెతుక్కుంటూ పోవలసిన పని ఉండేది కాదు. ఊళ్ళోనే వడ్రంగి కొట్టం ఉండేది. దాని ప్రక్కనే కమ్మరి కొలిమి ఉండేది. వడ్రంగి కర్రమీద చేయి వేసేముందు నాలుగు ప్రశ్నలు అడిగేవాడు. ఈ బండి పొలానికి పెంట తోలడానికా, గింజలు అంగడికి చేర్చడానికా? పోయే దారి చెల్కనా, రేగడా? కట్టే ఎడ్లు ఎంతపాటివి? ఆ జవాబులనుబట్టి బాగా ఆరిన నల్లతుమ్మ మొద్దును ఎంచుకొని నాభి తొలిచేవాడు, ఆకులు చెక్కేవాడు, అంచు కర్రలు కూర్చేవాడు. పిమ్మట కమ్మరి వంతు. చక్రం చుట్టుకొలతకంటె పిసరంత చిన్నదిగా ఇనుపపట్టాను వంచి అతికించి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, నలుగురు పట్టుకార్లతో ఎత్తి చక్రానికి తొడిగేవారు. వెంటనే నీళ్ళు గుమ్మరించేవారు. వేడికి సాగిన ఇనుము చల్లబడి ముడుచుకొని కర్రను గట్టిగా పట్టుకొనేది. మేకు అక్కరలేని ఆ బిగింపు ఏండ్ల తరబడి నిలిచేది.

ఆ చక్రం నాలుగు నెలలకే వదులైతే ఏమయ్యేది? రైతు మరునాడే వడ్రంగిని రచ్చకట్ట దగ్గర నిలబెట్టి అడిగేవాడు. చేసినవాడు ఊరు విడిచి పోలేడు, కొన్నవాడూ పోలేడు. పైగా వడ్రంగికి, కమ్మరికి ముట్టవలసిన ప్రతిఫలంలో పెద్దభాగం కోతలనాడు కల్లంలో గింజలుగా ముట్టేది. పని చెడితే కల్లంలో తల ఎత్తుకొని నిలబడడం కష్టం. ఆ కాలమంతా మంచిదని మేము అనడంలేదు. దొరల గడీలకు అదే వడ్రంగి, అదే కమ్మరి వెట్టిగా పనిచేయవలసివచ్చిన సంగతి నల్లగొండ జిల్లావారికి మేము చెప్పనవసరం లేదు. అయినా రైతుకూ చక్రం చేసినవానికీ నడుమ ఉన్న ఒక గుణాన్ని మాత్రం మనం గుర్తుంచుకోవాలి. చక్రం ఇచ్చినవాడు ఆ చక్రానికి జవాబుదారి.

ఈనాడు మనం చక్రాన్నీ టైరునూ అంగట్లో కొంటున్నాము. అమ్మేవాడు ఎవడో మనకు తెలియదు, కొనేవాడు ఎవడో అతనికి తెలియదు. కొన్న వస్తువు మాత్రం మన ఇంటిల్లిపాదినీ మోస్తుంది. ఈ పరిస్థితిలో నమ్మదగిన అంగడిని ఎట్లా గుర్తించడం అన్నదే ఈ ప్రసంగంలో మేము మీతో ముచ్చటించదలచిన విషయం.

గాలితో నిండిన టైరు చరిత్ర సుమారు నూటఎనభై ఏండ్లదే. గంధకంతో కలిపి వేడిచేస్తే రబ్బరు ఎండకు కరగకుండా, చలికి బిరుసెక్కకుండా నిలుస్తుందని అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ 1839లో కనిపెట్టాడు. గాలిటైరుకు మొదటి పేటెంటు 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండువాడు పొందాడు. కాని అది అప్పుడు జనవాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు, తన కుమారుని మూడు చక్రాల బండి రాళ్ళమీద ఎగిరెగిరి పడకుండా ఉండాలని రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టాడు. అక్కడినుంచి అది లోకమంతా పాకింది. ఆ డన్‌లప్ పేరుగల కంపెనీ 1936లో బెంగాలులోని సాహాగంజ్‌లో కర్మాగారం పెట్టింది. ఎడ్లబండ్లకు కూడ గాలిటైర్లు రావడంతో మన పల్లెల్లో ‘డన్‌లప్ బండి’, ‘టైరు బండి’ అన్న మాటలు పుట్టాయి. ఇనుపపట్టా చక్రం బాటను కోసేది, ఎడ్ల మెడలను కాయలు కాయించేది. టైరు బండి అంతే ఎడ్లతో ఎక్కువ బరువును లాగనిచ్చింది. వడ్రంగి కొట్టంలో పని తగ్గింది. చక్రం కొనే బేరం ఊరు దాటి పట్నానికి పోయింది.

ఇప్పుడు ఆ పట్నాలేవో చూడండి. హైదరాబాదునుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. పాతవాళ్ళు దానిని ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటారు. షాద్‌నగర్, జడ్చర్లలమీదుగా కర్నూలుకు పోయేది 44వ నంబరు రహదారి, ఒకప్పటి ఏడో నంబరు. నల్లగొండవారు రెండు ఆటోనగర్ల నడుమ ఉన్నారు. ఒకవైపు వనస్థలిపురం దగ్గరి హైదరాబాదు ఆటోనగర్, మరొకవైపు విజయవాడ ఆటోనగర్. పాలమూరువారికి ఉత్తరాన హైదరాబాదు, దక్షిణాన కర్నూలు. ఇవిగాక సికిందరాబాదు రాణీగంజిలో మోటారు సామాను అంగళ్ళు వీధులు వీధులుగా ఉన్నాయి. ప్రతి పెద్ద ఊరి పొలిమేరలోను, ప్రతి క్రాసురోడ్డు దగ్గర టైర్లను దొంతులుగా పేర్చిన దుకాణాలు కనిపిస్తాయి. అంటే అంగళ్ళకు కరువులేదు. ఎంచుకోవడమే కష్టం.

కొనేవారిలో ఇప్పుడు యువకులు ఎక్కువ. కారు కొన్న నెలకే దానికి వచ్చిన ఇనుప చక్రాలు తీసివేయించి, మెరిసే అల్లాయ్ చక్రాలు, వెడల్పు టైర్లు వేయించుకోవాలని వారి ఉబలాటం. పెద్దలు దీనిని దుబారా అని కసురుకోవచ్చు. మాకు మాత్రం అది కొత్త మోజుగా తోచదు. ఏరువాక పున్నమినాడు ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి, జాతరనాడు బండిని అలంకరించి గుడిచుట్టూ తిప్పిన తాతల మనుమలే వీరు. బండిమీద మమకారం మన మెట్టప్రాంతపు రైతుబిడ్డకు పుట్టుకతో వచ్చింది. అయితే తాత తన బండి చక్రాన్ని ఎరుగును. నాభిలో చేయిపెట్టి చూచి, కందెన ఎప్పుడు వేయాలో, ఆకు ఎక్కడ కదిలిందో చెప్పగలడు. మనుమనికి తన చక్రంమీద వ్రాసివున్న అక్షరాలు చదవడం కూడ తెలియకపోతే మమకారం ఒక్కటే ప్రాణాన్ని కాపాడలేదు.

ఈ మాట మేము ఇతరులకు బుద్ధి చెప్పడానికి అనడంలేదు. మేమూ ఒక పాఠం చెల్లించి నేర్చుకున్నాము. 2023వ సంవత్సరం మే నెలలో ఒక రికార్డింగు పనిమీద దేవరకొండ వైపు పోయాము. కారు మాదే. నాలుగు నెలల క్రితమే కొత్త టైర్లు వేయించాము. రోడ్డు ప్రక్కనున్న ఒక అంగట్లో తక్కిన అంగళ్ళకంటె జతకు వెయ్యి రూపాయలు తక్కువ అన్నారు, మేము సంతోషించాము. పని ముగించుకొని మధ్యాహ్నం రెండు గంటలకు తిరుగుముఖం పట్టాము. నిప్పులు చెరిగే ఎండ. కొండమల్లేపల్లి దాటిన కొంతసేపటికి వెనుక ఎడమ ప్రక్కన తుపాకి పేలినట్లు చప్పుడైంది. కారు ఎడమకు లాగుకొనిపోయింది. డ్రైవరు అనుభవజ్ఞుడు. బ్రేకుమీద కాలు వేయలేదు. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకొని, యాక్సిలరేటరు వదిలి, వేగం దానంతట అది తగ్గేవరకు వాహనాన్ని దారిలోనే ఉంచాడు. ఆఖరికి ఒక చింతచెట్టుకు పది అడుగుల దూరంలో ఆపాడు. కారులో ఉన్న నలుగురిలో ఎవరికీ దెబ్బ తగలలేదు. టైరు పేలినప్పుడు భయపడి బ్రేకు నొక్కివుంటే ఏమై ఉండేదో ఆలోచించడానికి ఇప్పటికీ మాకు ధైర్యం చాలదు.

టైరు మారుస్తూ డ్రైవరు దాని ప్రక్కగోడమీద దుమ్ము తుడిచి నాలుగు అంకెలు చూపాడు: 1116. అంటే 2016వ సంవత్సరం పదకొండవ వారంలో తయారైన టైరు. మేము ‘కొత్తది’ అని కొన్ననాటికే దానికి ఆరేండ్లు దాటాయి. అన్నాళ్ళు ఏ గోదాములో, ఏ ఎండలో పడివున్నదో! మరునాడు ఆ అంగడికి పోతే, రసీదు చూపమన్నారు. మా దగ్గర ఉన్నది ఒక తెల్లకాగితం ముక్క. ‘టైర్లు 4’ అని, క్రింద మొత్తం. కంపెనీ పేరు లేదు, సైజు లేదు, తేదీ అంకెలు లేవు. ఆ టైరు తమ దగ్గర కొన్నదేనని ఏమిటి రుజువు అన్నారు. తప్పులో సగం అంగడివాడిది. మిగతా సగం, వెయ్యి రూపాయలకు మురిసి ఆ నాలుగు అంకెలు చదవకుండా వచ్చిన మాది.

అందుచేత కొనబోయే ముందు చదవవలసిన అక్షరాలేమిటో చెబుతాము. శ్రోతలు కాగితం, కలం దగ్గర పెట్టుకుంటే మేలు.

మధ్యరకం కారు టైరుమీద 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉన్నదనుకుందాము. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు, అంటే సుమారు 120 మిల్లీమీటర్లు. ‘ఆర్’ అంటే రేడియల్, లోపలి దారాల అల్లిక పద్ధతి. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాలలో. 88 అన్నది బరువు సూచిక. ఆ అంకె గల టైరు 560 కిలోల బరువు మోయగలదు. ‘హెచ్’ వేగానికి గుర్తు: గంటకు 210 కిలోమీటర్లు. అంత వేగంగా మనం పోకపోయినా, ఆ గుర్తు టైరు వేడిని తట్టుకొనే శక్తిని కూడ తెలుపుతుంది. మన ఎండలలో అదే ముఖ్యం. కారుకు తయారీదారు నిర్ణయించిన సైజు, గాలి ఒత్తిడి డ్రైవరు తలుపు దగ్గర స్తంభంమీద అంటించిన చీటీలో ఉంటాయి. బరువు సూచిక గాని, వేగపు గుర్తు గాని తయారీదారు చెప్పినదానికి తక్కువైన టైరును ఉచితంగా ఇచ్చినా వేయించుకోరాదు.

తరువాత తేదీ. ‘డాట్’ అన్న అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆమ్లజని దానిని బిరుసెక్కిస్తుంది, ఎండ ఆ పనిని త్వరపెడుతుంది. వేసవిలో 45 డిగ్రీలు దాటే నల్లగొండవంటి చోట ఈ విషయం మరీ గుర్తుంచుకోదగినది. ఐదేండ్లు దాటిన టైర్లను ఏటేటా పరీక్ష చేయించవలెనని, పదేండ్లు నిండినవాటిని అరగకపోయినా తీసివేయవలెనని పేరున్న తయారీదారులు సలహా ఇస్తున్నారు. కొత్త టైరు అని అమ్మేదానికి ఏడాదికి మించిన వయసు ఉంటే కారణం అడగండి. అడిగినందుకు చిన్నబుచ్చుకొనే అంగడిలో కొనకండి.

మూడవది ప్రమాణపు ముద్ర. 2009లో కేంద్రప్రభుత్వం వెలువరించిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ప్రకారం మోటారు టైర్లకు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి. కార్ల టైర్లకు ఐ.ఎస్. 15633, లారీ, బస్సులవంటివాటికి 15636, రెండు, మూడు చక్రాల వాహనాలకు 15627. చక్రపు రిమ్ములకు కూడ ఐ.ఎస్. 16192 అన్న ప్రమాణం ఉన్నది. ముద్ర లేని సరుకు ఎంత మెరిసినా మనది కాదు.

పాత టైర్ల విషయంలో ఒక మోసం జరుగుతూ ఉంటుంది. అరిగిపోయిన టైరుకు గాడులు తిరిగి లోతుగా కోసి, నల్లరంగు పూసి, కొద్దిగా వాడినదని అమ్ముతారు. గాడి అడుగున అక్కడక్కడ చిన్న మెట్లవంటి గుర్తులు ఉంటాయి. ప్రక్కగోడమీద టి.డబ్ల్యు.ఐ. అన్న అక్షరాలు లేదా చిన్న త్రికోణం వాటి స్థానం చూపుతుంది. రబ్బరు ఆ మెట్టు మట్టానికి వచ్చిందంటే కారు టైరులో గాడి లోతు 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. మోటారు వాహనాల నియమాల ప్రకారం అంతకు తగ్గితే ఆ టైరు రోడ్డుకు పనికిరాదు. ఆ మెట్లే కనిపించకపోతే, గాడి అడుగున దారాలు బయటపడేటట్లు ఉంటే, అది తిరిగి కోసిన టైరని తెలుసుకొని దండం పెట్టి వచ్చేయండి.

ఇక అల్లాయ్ చక్రం. ఇక్కడ మోజు ఎక్కువ, తెలివిడి తక్కువ. చక్రం బోల్టుల రంధ్రాలు ఒక వలయంమీద ఉంటాయి. కొన్ని కార్లకు నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వలయం. కొన్నిటికి ఐదు, 114.3 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ అచ్చంగా కుదరాలి. ‘కొంచెం సర్దుదాము’ అన్నవాడు చక్రం ఊడిపోవడానికి దారి చేస్తున్నాడన్నమాట. రెండవది ఆఫ్‌సెట్. చక్రం మధ్యగీతకూ, అది హబ్బుకు ఆనుకొనే ముఖానికీ ఉన్న దూరం అది. అది మారితే చక్రం లోపలికిపోయి సస్పెన్షనుకు రాచుకుంటుంది, లేదా బయటికి పొడుచుకొని వచ్చి బేరింగుమీద అధికభారం వేస్తుంది. మూడవది నడిమి రంధ్రం. అది కారు హబ్బుకంటె పెద్దదైతే నడుమ సరియైన రింగు వేయాలి, లేకుంటే వేగంలో స్టీరింగు వణుకుతుంది. నాలుగవది చక్రం మోయగల బరువు. మంచి చక్రం లోపలి ముఖాన తయారీదారు పేరు, సైజు, ఆఫ్‌సెట్, బరువు అచ్చులోనే పోసి ఉంటాయి. జపాను పరీక్షల గుర్తులైన జె.డబ్ల్యు.ఎల్., వి.ఐ.ఏ. అన్న అక్షరాలు కూడ కొన్నిటిమీద ఉంటాయి. లోపలివైపు బోసిగా ఉండి బయటివైపు మాత్రమే మెరిసే చక్రాన్ని అనుమానించండి.

సైజు పెంచుకోదలచినవారు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మనం చెప్పుకున్న 185/65 ఆర్ 15 టైరు మొత్తం వ్యాసం సుమారు 621 మిల్లీమీటర్లు. దాని బదులు 195/55 ఆర్ 16 వేస్తే వ్యాసం దాదాపు అంతే ఉంటుంది. చింతలేదు. కాని రిమ్ము మార్చకుండా 205/65 ఆర్ 15 వేస్తే 647 మిల్లీమీటర్లకు పోతుంది, నూటికి నాలుగుకు పైగా ఎక్కువ. అప్పుడు మీటరు 80 చూపుతూ ఉంటే కారు 83 దాకా పోతూ ఉంటుంది. తేడా నూటికి మూడుకు మించకూడదని ఆ రంగంలోనివారి మాట.

ఈ లెక్క కాగితంమీద సరిపోయినంత మాత్రాన చాలదని మాకు నేర్పినవాడు పాలమూరు పట్టణంలోని ఒక టైర్ల వర్తకుడు. మా మేనల్లునికి 17 అంగుళాల చక్రాలమీద మనసు పోయింది. తోడు రమ్మంటే పోయాము. వర్తకుడు అరవై ఏండ్లవాడు. చక్రాలు చూపడానికి ముందే కుర్రవానిని ప్రశ్నించడం మొదలుపెట్టాడు.

“బిడ్డా, నీ బండి ఏ తొవ్వల తిరుగుతది?”

“పట్నంల నౌకరి కాకా. వారానికోసారి అచ్చంపేట దిక్కు మా ఊరికి పోత.”

“ఊరికాడ రోడ్డెట్లుంటది?”

“ఆఖరి నాలుగు కిలోమీటర్లు మట్టిరోడ్డే. వానకాలం గుంతలు పడతయి.”

“అట్లయితే పదిహేడు వద్దు. ఇప్పుడు నీ టైరు గోడ నూటిరవై మిల్లీమీటర్లుంది. పదహారు పెడితే నూటేడు. పదిహేడు పెడితే తొంబై రెండు. గోడ సన్నగైనకొద్ది గుంతల దెబ్బ రిమ్ముకే తగులుతది. పదిహేడు అమ్మితే నాకే నాలుగు పైసలెక్కువ. కాని రెండు నెలలకు పగిలిన రిమ్ము పట్టుకొని నువ్వు మళ్ళ నా కాడికే వస్తవు గద!”

ఆ మాట వినగానే మాకు ఊరి వడ్రంగి కళ్ళముందు నిలిచాడు. ఇతనూ అదే ప్రశ్న అడిగాడు: ఏ దారిలో తిరుగుతుంది నీ బండి? ఇతనికీ అదే తెలివి ఉన్నది: చెడిన చక్రం తిరిగి నా కొట్టానికే వస్తుంది. మేనల్లుడు ముఖం కొంచెం మాడ్చుకున్నా 16 అంగుళాలకు ఒప్పుకున్నాడు.

ఆ తరువాత ఆయన పనితీరు చూడడమే ఒక పాఠం. టైరు బిగించకముందే తేదీ అంకెలను కుర్రవానిచేత పైకి చదివించాడు. గాలి పోసే వాల్వును కొత్తది వేశాడు. ఒక్కొక్క చక్రాన్ని యంత్రంమీద తిప్పి తూకం సరిచేశాడు. బోల్టులను మొదట చేతితో పట్టించి, పిమ్మట ఎదురెదురు వరుసలో, బిగింపును కొలిచే పానాతో బిగించాడు. యంత్రంతో గుడ్డిగా బిగిస్తే అల్లాయ్‌లో పగుళ్ళు రావచ్చునని, బోల్టు మర తెగవచ్చునని చెప్పాడు. నూరు కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ వచ్చి బిగింపు చూపించుకొమ్మన్నాడు. దానికి డబ్బు తీసుకోనన్నాడు. నైట్రోజను నింపమందామా అని మేనల్లుడు అడిగితే నవ్వి, మనం పీల్చే గాలిలోనే నూటికి 78 వంతులు అదే ఉన్నదని, దానికి ఖర్చు పెట్టేకంటె పదిహేను రోజులకొకసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు ఒత్తిడి చూపించుకోవడం మేలని అన్నాడు. గాలి తగ్గిన టైరు నడుస్తున్నకొద్దీ గోడ వంగి వంగి లోపల కాగిపోతుంది. వేసవి రోడ్డుమీద టైర్లు పేలడానికి ముఖ్యకారణాలలో అది ఒకటి. మనవాళ్ళు వేసవిలో టైరు పేలుతుందని భయపడి గాలి తగ్గిస్తారు. అది మంటలో ఆజ్యం పోయడమే.

చివరకు బిల్లు. టైరు కంపెనీ, సైజు, ఒక్కొక్కదాని క్రమసంఖ్య, తేదీ అంకెలు, చక్రం వివరాలు అన్నీ వ్రాసి, పన్నుతోసహా ముద్ర వేసి ఇచ్చాడు. కంపెనీ హామీపత్రంమీద సంతకం చేశాడు. మా దేవరకొండ ప్రయాణంనాటి తెల్లకాగితం ముక్క మాకు జ్ఞప్తికి వచ్చింది.

బిల్లు ఉంటే కొనుగోలుదారుకు చట్టం తోడు నిలుస్తుంది. 2019నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువువల్ల కలిగిన హానికి తయారీదారునే గాక అమ్మినవానిని కూడ కొన్ని సందర్భాలలో బాధ్యుని చేసింది. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల రూపాయలలోపు కొనుగోలుమీద ఫిర్యాదుకు రుసుము లేదు. 1915 అన్న నంబరుకు ఫోనుచేసి జాతీయ వినియోగదారుల సహాయకేంద్రంలో కూడ మొర పెట్టుకోవచ్చు. చట్టం కొనేవానికీ హద్దు గీసింది. 1988నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సంగతిని మరల స్పష్టం చేసింది. కాబట్టి మడ్‌గార్డు దాటి బయటికి పొడుచుకొని వచ్చే చక్రాల జోలికి పోకండి. తయారీదారు తన కారు రకాలలో ఏదో ఒకదానికి అనుమతించిన సైజుకే పరిమితమైతే క్షేమం. మార్చిన చక్రాల సంగతి భీమా కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలియజేయడం కూడ మరువకండి.

మంచి సరుకుకోసం విదేశాలవైపే చూడనక్కరలేదు. మన తెలుగునాట టైరు పరిశ్రమ బాగా వేరూనుకొన్నది. సంగారెడ్డి జిల్లా సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. వారి కర్మాగారం ఉన్నది. సత్యవేడు దగ్గర చినపాండూరులో అపోలో కర్మాగారం 2020లో ఉత్పత్తి ప్రారంభించింది. విశాఖపట్నంలో పోతపోసిన అల్లాయ్ చక్రాలు విదేశపు కార్లకు కూడ పోయాయి. సరుకు దగ్గరలోనే పుట్టుతున్నది. దానికీ మనకూ నడుమ నిలిచే అంగడివాడు ఎటువంటివాడన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు మా అనుభవం చెప్పిన జవాబు చిన్నది. ధర చెప్పడానికి ముందు మీ దారి సంగతి అడిగినవాడు, తేదీ అంకెలు తానుగా చూపినవాడు, వద్దనవలసినచోట వద్దన్నవాడు, చేసిన అమ్మకాన్ని పూర్తిగా కాగితంమీద పెట్టినవాడు మంచి వర్తకుడు. అటువంటివాడు హైదరాబాదు ఆటోనగర్లో ఉండవచ్చు, మీ మండల కేంద్రంలోని రేకుల షెడ్డులోనూ ఉండవచ్చు. అంగడి అద్దాల మెరుపునుబట్టి అతనిని పోల్చుకోలేము. మీ ఊరి లారీ డ్రైవర్లను, ట్యాక్సీవాళ్ళను అడగండి. వారి బ్రతుకు ఆ టైర్లమీదనే నడుస్తున్నది కనుక వారి మాటకు విలువ ఉన్నది. ఒకసారి అటువంటి అంగడి దొరికితే వంద, రెండువందల రూపాయలకు దానిని మార్చకండి. ఏటేటా అక్కడికే పోండి. మీ బండి అతనికి గుర్తుండాలి, అతని పని మీకు గుర్తుండాలి. ఊరి వడ్రంగితో రైతుకున్న పొత్తు అటువంటిదే.

ఈ ప్రసంగం చదివి ప్రక్కన పెట్టేముందు ఒక పని చేయండి. టార్చిలైటు తీసుకొని వాకిట్లోకి పోయి మీ కారు టైర్లమీద, మీ అబ్బాయి మోటారుసైకిలు టైర్లమీద ఆ నాలుగు అంకెలను చదవండి. స్పేరు టైరును మరచిపోకండి. అందరికంటె ముసలిది సాధారణంగా అదే.